వించ్‌కు క్రొత్త త్రాడు

కపిల తోలిన చేతులు మన అనంతపురము సీమలో ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఆ పెద్దల నడిగినచో, కపిలకు ఆయువుపట్టు ఎద్దులును కాదు, తోలు బొక్కెనయు కాదు, మోకు అని చెప్పుదురు. గిలకమీదుగా పోవు ఆ మోకును కాడికి కట్టి, ఎద్దులను ఏటవాలు బాటలో క్రిందికి తోలునప్పుడు, తోలువాడు తన బరువుకూడ చేర్చుటకై మోకుమీదనే కూర్చుండెడివాడు. త్రాడు తెగినచో ఒక బొక్కెన నీరు పోవుటతో తీరదు. మనిషి వెల్లకిల పడును, ఎద్దులు మోకాళ్ళపై కూలును. అందుచేత కాడి కట్టకముందు మోకును అరచేతులలో జార్చి చూచెడివారు. ఎక్కడ నార పొంగినదో, ఎక్కడ పేట సడలినదో కంటికంటె ముందు చేతికి తెలియును. సందేహము కలిగిన త్రాటిని వెంటనే దించి, గడ్డిమోపులు కట్టుకొనుటకు వాడెడివారు.

కపిలలు పోయినవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వానపడు ఈ పీఠభూమిలో ఆ బావులలో పెక్కింటికి నీరే లేకుండ పోయినది. నీరు వందల అడుగుల లోతుకు జారినది, దానివెంట బోర్లు దిగినవి. త్రాడు మాత్రము పోలేదు. నాడు మోకు చేసిన పనిని నేడు ఇనుపత్రాడు చేయుచున్నది. మేము ప్రస్తావింపబూనినది జీపులకు, ట్రాక్టర్లకు ముందుభాగమున బిగించు వించ్ అను త్రాటియంత్రమును గురించి. ముఖ్యముగా దాని త్రాడు అరిగిపోయినప్పుడు క్రొత్తది ఎట్లు ఎన్నుకొనవలెనను విషయమును గురించి. ఇది కొద్దిమందికే పనికివచ్చు సంగతి యని కొందరు శ్రోతలకు తోపవచ్చును. కాని ఊరిలో ఒక్క బండికి వించ్ ఉన్నచో ఆ త్రాడు ఊరందరి త్రాడగును. ఇసుకలో దిగబడిన పాలవ్యాను, చెరువు నల్లమట్టిలో కూరుకొన్న ట్రాక్టరు, పాడుబడిన బావిలోని పూడిక, అన్నియు ఆ త్రాటికొనకే వచ్చి చేరును.

మా ఉద్యోగజీవితములో అధికభాగము జీపులలో ఊరూరు తిరుగుటతోనే గడచినది. జిల్లా 2022లో అనంతపురమనియు శ్రీ సత్యసాయి జిల్లాయనియు రెండైనది గాని బండ్లు దిగబడుటలో సరిహద్దు లేదు. పెన్న, చిత్రావతి రెండును నందికొండల ప్రాంతమున పుట్టి మనకు వచ్చు నదులు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాటియందు నీటికి బదులు ఇసుకయే పారుచున్నట్లుండును. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో వేదవతినది ఇసుక గాలికి లేచి పొలములపై మేటలు వేయును. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి. ఒక్క జల్లు పడినచో చక్రమునకు మట్టి అంటుకొని చక్రమే రెట్టింపగును. మిగిలినచోట్ల ఎఱ్ఱనేల, దానిలోనుండి తలలెత్తిన నల్లఱాతి గుండ్లు. ఇసుక, బురద, ఱాయి: త్రాటికి ఈ మూడును మూడు విధములైన శత్రువులు. వీటికి నాలుగవది ఎండ.

అంగడికి పోయి వించ్‌త్రాడు కావలెనన్నచో నేడు రెండు రకములు చూపుదురు. ఒకటి ఇనుపతీగల త్రాడు. రెండవది రంగురంగుల కృత్రిమనార త్రాడు. కొనువాడు సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న, 'ఏది లావు?' అనునది. మేమును మొదట అట్లే అడిగినవారమే. లావైన త్రాడు బలమైనదను మాట మోకు విషయమున కొంతవరకు నిజము. వించ్ విషయమున అది పొరపాటు. కపిల గిలక పెద్దది, మోకు దానిమీద మెత్తగా వంగును. జీపు వించ్‌లోని డ్రమ్ము అంతటిది కాదు. నాలుగు టన్నులు లాగు వించ్‌లో డ్రమ్ము అడ్డుకొలత తరచుగా 63 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అంగుళములు మాత్రమే. దానిమీద 9 మిల్లీమీటర్ల ఇనుపత్రాడు చుట్టినచో, డ్రమ్ము త్రాటికి ఏడు రెట్లు. బరువులు పైకెత్తు క్రేనులలో ఈ నిష్పత్తి ఇంచుమించు పదునెనిమిది రెట్లు, అంతకు మించియు ఉంచుదురు. ఇనుపతీగను మాటిమాటికి గట్టిగా వంచి చాచినచో ఏమగునో పిల్లలకుకూడ తెలియును. కావున లావు త్రాడు ఆ చిన్న డ్రమ్ముపై మరింత త్వరగా విరుగును. పైగా నిడివి తక్కువ పట్టును. వించ్ చేసినవారు ఏ కొలత నిర్ణయించిరో ఆ కొలతయే కొనవలెను. బలము చాలదనిపించినచో లావు కాదు, రకము మార్చవలెను.

ఇనుపత్రాటి నిర్మాణము తెలిసినచో సగము చిక్కు వీడును. ఇది నిన్నమొన్నటిది కాదు. జర్మనీదేశమున హార్జ్ పర్వతములలోని వెండిగనులలో గొలుసులు తెగి ప్రమాదములు జరుగుచుండగా, విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అను గనుల అధికారి 1834లో ఇనుపతీగలను పురిపెట్టి త్రాడు చేసి వాడిచూచెను. గొలుసులో ఒక్క లంకె తెగినచో అంతయు పోయినట్లే. త్రాటిలో ఒక్క తీగ తెగినను మిగిలినవి పట్టియుంచును, ఆ తెగిన తీగ పైకి కనబడి ముందుగా హెచ్చరించును. ఈ హెచ్చరికయే ఇనుపత్రాటికి గల పెద్ద గుణమని మా అభిప్రాయము. నేడు మనకు దొరకు సాధారణమైన త్రాటిలో ఆరు పేటలు, పేటకు 19 తీగలు ఉండును. నడుమ నారపేట యొకటి. అది నూనెను పీల్చుకొని లోపలినుండి తీగలకు అందించును. కొన్నింటిలో నారకు బదులు నడిమిపేటయు ఇనుమే. అది కొంచెము బలమైనది, నలుగుటకు ఓర్చునది, కాని వంగుటలో మొండిది. డ్రమ్ముపై నాలుగైదు పొరలుగా చుట్టుకొని ఒకదానినొకటి నలుపుకొను వించ్‌త్రాటికి ఇనుప నడిమిపేటయే మేలని పలువురు నిపుణులందురు.

భారతీయ ప్రమాణసంస్థవారు సాధారణ ఇంజనీరింగు పనుల ఇనుపత్రాళ్ళకు ఐ.ఎస్. 2266 అను ప్రమాణమును ఏర్పరచిరి. కొనునప్పుడు ఆ సంఖ్యను, పరీక్షాపత్రమును అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. నారపేట గల 10 మిల్లీమీటర్ల మంచి త్రాటి తెగుబరువు సుమారు అయిదున్నర టన్నులు. వించ్‌పై వ్రాసిన లాగుడుబరువు కన్న త్రాటి తెగుబరువు తప్పక అధికముగా నుండవలెను. రెట్టింపున్నచో మనస్సునకు నెమ్మది. ఇంకొక సంగతి: వించ్‌పై వ్రాసిన బలము డ్రమ్ముమీద మొదటి పొర చుట్టునప్పటిది. పొరలు పెరిగినకొలది డ్రమ్ము లావై లాగుడు తగ్గును. నాలుగవ పొరకు వచ్చునప్పటికి మూడవ వంతుకు మించి తగ్గిపోవును. కావున ఎంతో పొడుగు త్రాడు కొని డ్రమ్ము నింపుట గొప్ప కాదు. అట్లని త్రాడంతయు విప్పివేయుటయు తగదు. డ్రమ్ముమీద అయిదు చుట్లైనను మిగిలియుండవలెను. కృత్రిమనార త్రాడు జారుగుణము గలది కనుక దానికి ఎనిమిది నుండి పది చుట్లు. కొనను బిగించిన మర త్రాటిని చుట్టుటకు ఆసరాయే గాని బరువు మోయుటకు కాదు.

ఇక ఆ రంగుల త్రాడు. దీనిని అంగడివారు నైలాన్ త్రాడనియే అందురు. సంతలో పశువులకు కొను పచ్చ, నీలి త్రాళ్ళనుకూడ అట్లే అందురు. ఇవి అన్నియు ఒక్కటి కావు. సంతలోని చౌకత్రాడు తరచుగా పాలిప్రొపిలీన్, ఎండకు పిప్పియగును. నిజమైన నైలాన్ సాగును, తడిసినచో పదియవ వంతు వరకు బలము కోల్పోవును. ఒక బండి మరొక బండిని జాటించి లాగుటకు ఆ సాగుడు మంచిదే కాని వించ్‌కు పనికిరాదు. వించ్‌కొరకు చేసినది వేరొక జాతి పాలిథీన్ నార. డైనీమా యను పేరుతో దీనిని నెదర్లండ్సుదేశపు డి.ఎస్.ఎం. సంస్థ ప్రసిద్ధము చేసినది. సమానబలము గల ఇనుపత్రాటిలో దీని బరువు ఏడవ వంతు. 30 మీటర్ల ఇనుపత్రాడు పండ్రెండు కిలోలు తూగుచోట ఇది రెండు కిలోలకు లోపే. నీటిలో తేలును. చేతికి ముండ్లవలె గుచ్చుకొనదు. తెగినను తేలిక కనుక ఇనుపత్రాటివలె కొరడాయై తిరిగి కొట్టదు. ఇన్ని సుగుణములు చూచి మేమును ఒకప్పుడు మురిసినాము.

కాని మన సీమకు తెచ్చి చూచినచో దీని బలహీనతలు ఒక్కొక్కటిగా బయటపడును. ఈ నార సుమారు 145 డిగ్రీలకు కరగును. 70 డిగ్రీలు దాటినప్పటినుండియే బలము సడలును. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము జీపు ముందరి ఇనుపరేకుపై చేయి పెట్టి చూచినవారికి ఈ మాటలోని బరువు తెలియును. అంతకన్న గొప్ప వేడి వించ్ లోపలనే పుట్టును. పెక్కు వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలనే ఉండును. బరువును పట్టి మెల్లగా వదలునప్పుడు ఆ బ్రేకు కాగి, దానిని చుట్టుకొనియున్న మొదటి పొరను కాల్చును. పైనుండి చూచువానికి ఏమియు కనబడదు. నల్లఱాతి అంచు మరియొక గండము. ఇనుపత్రాడు ఱాతిపై రాసుకొన్నచో నాలుగు తీగలు తెగును. ఈ నార కత్తిపై పెట్టిన కొబ్బరిపీచువలె ఊడిపోవును. వేదవతి సన్నని ఇసుక పోగుల నడుమ చేరి, త్రాడు బిగిసినప్పుడెల్ల లోపలినుండి కోయుచుండును. కావున దీనిని నెలకొకసారి కడుగవలెనందురు. త్రాగునీరే ట్యాంకరులో వచ్చు ఊళ్ళలో త్రాటికి స్నానమా అని శ్రోతలు నవ్వుకొనవచ్చును! బట్టలు జాడించిన కడపటి నీరు ఒక బొక్కెన చాలును. నీడలో ఆరవేసి, బండిపై ఉన్నప్పుడు గోనెగుడ్డ కప్పవలెను.

ఇనుపత్రాడు తీసి ఈ నారత్రాడు వేయువారు మరొక జాగ్రత్త మరువరాదు. త్రాడు బయటికి వచ్చుచోట రోలర్ల చట్రముండును. ఏండ్లతరబడి ఇనుపతీగలు గీచిన గీతలు ఆ రోలర్లపై ఆకురాయివలె తయారగును. దానిమీదుగా క్రొత్త నారత్రాడు లాగుట దానిని ఆకురాయితో రుద్దుటయే. నునుపైన అల్యూమినియపు ద్వారము వేరుగా బిగింపవలెను. ఈ నారకు ముడి వేయరాదు. ముడివద్ద సగము బలము పోవును. పేటలను ఒకదానిలోనొకటి దూర్చి అల్లినచో తొమ్మిది పాళ్ళు నిలుచును.

ఏది కొనవలెనని నిలదీసి అడిగినచో మా మాట ఇది. నదీతీరమున, ఇసుకమేటల నడుమ తిరుగుచు, త్రాటిని బిడ్డవలె చూచుకొను ఓపిక గలవారు నారత్రాడు కొనవచ్చును. ఱాళ్ళనేలలో తిరుగువారికి, బండి పదిమంది చేతులలో నలుగువారికి ఇనుపత్రాడే తగినది. అది మొరటుది, కాని మోసగించదు.

మోసము జరుగునది అంగడిలో, మన తొందరలో. ఒకసారి మేమొక పట్టణమున త్వరలో నుండి పది మిల్లీమీటర్లదని చెప్పిన త్రాడు కొని, కొలవకుండగనే చుట్టించినాము. కొసన కొక్కెము బిగించినవాడు మూడు క్లాంపులకు బదులు రెండే వేసెను, అవియు తలక్రిందులుగా. యు ఆకారపు బోల్టు ఎప్పుడును త్రాటి మడిచిన పొట్టికొనమీద పడవలెను. బరువు మోయు పొడుగు త్రాటికి క్లాంపు గాడిభాగము ఆనవలెను. తిరగవేసినచో బోల్టు బరువు మోయు తీగలనే నలిపివేయును. ఆ సాయంకాలమే చిత్రావతి ఇసుకలో మా జీపు ఇరుసువరకు దిగినది. అవతలి గట్టున వేపచెట్టుకు కట్టి లాగుచుండగా, తుపాకి పేలినట్లు చప్పుడై త్రాడు క్లాంపువద్ద తెగినది. తెగినకొన తిరిగివచ్చి జీపు ముందురెక్కను చీల్చినది. మా డ్రైవరు ఆ క్షణమునకు ముందే బీడీ వెలిగించుకొనుటకు గాలికి చాటుగా ప్రక్కకు జరిగియుండెను. పొగ త్రాగుట ఆరోగ్యమునకు చెఱుపని మేమెన్నడును అతనికి మరల చెప్పలేకపోతిమి. తరువాత కొలిచి చూడగా ఆ త్రాడు తొమ్మిది మిల్లీమీటర్లే.

నాటినుండి కొలబద్ద లేకుండ త్రాడు కొనుట మానినాము. కొలుచునప్పుడు పేటల నడిమి పల్లములలో కాక, ఎదురెదురుగా నున్న పేటల ఉబ్బులమీద కొలబద్ద ఆన్చవలెను. క్లాంపులు మూడింటికి తక్కువ కాకుండ, త్రాటిలావుకు ఆరు రెట్ల ఎడమున బిగించి, మొదటి బరువు లాగిన పిమ్మట మరల బిగింపవలెను. బరువుకు త్రాడు సన్నబడి మరలు వదులగును. త్రాడు బిగిసియున్నప్పుడు దాని నడుమ ఇసుక నింపిన గోనెసంచి యొకటి వ్రేలాడవేసినచో, తెగినను కొన నేలకు దిగును. చెట్టుకు ఇనుపత్రాటిని నేరుగా చుట్టరాదు; బెరడు చుట్టును తెగి చెట్టు ఎండును. వెడల్పైన పట్టాతో చుట్టి దానికి తగిలింపవలెను. మన సీమలో వేపచెట్టును చంపి జీపును దక్కించుకొనుట లాభసాటి బేరము కాదు.

ఉన్నత్రాడు ఎప్పుడు మార్చవలెను? మోకును అరచేతితో చూచినట్లు ఇనుపత్రాటిని చూడరాదు, అరచేయి చీలును. పాత నూలుగుడ్డ పట్టి మెల్లగా లాగినచో తెగిన తీగవద్ద గుడ్డ చిక్కుకొనును. ఒక పేట త్రాటిచుట్టు ఒకమారు తిరిగివచ్చు నిడివిలో ఆరు తీగలు తెగినను, లేక ఒకే పేటలో మూడు తెగినను ఆ త్రాటికి కాలము తీరినది. లావు పదియవ వంతు తగ్గినను, మెలికపడి నలిగినను, పేటలు పంజరమువలె ఉబ్బినను అంతే. పైన చిక్కని గ్రీజు పట్టించుట మనవారికి అలవాటు. మన ఎఱ్ఱదుమ్ములో ఆ గ్రీజు పొడిరాతి ముద్దయై త్రాటిని అరగదీయును. పలుచని నూనె లోనికి ఇంకునట్లు పూసి పైది తుడిచివేయుట మేలు.

ఈ ప్రసంగమునకు మమ్ము పురికొల్పిన సంగతి ఇక చెప్పవలెను. ఊళ్ళలో పాడుబావుల పూడిక తీయునప్పుడు, బావిలో పడిన మేకను తీయునప్పుడు, జీపును గట్టుకు తెచ్చి వించ్‌త్రాటితో మనిషిని లోనికి దింపుచున్నారు. లాగు బండి నాలుగు టన్నులు లాగునుగదా, అరవై కిలోల మనిషి ఒక లెక్కయా అని వారి వాదము. లెక్కలో తప్పు లేదు, వించ్ స్వభావములో ఉన్నది. అది నేలమీద లాగుటకు పుట్టినది. చిన్న డ్రమ్ముపై వంగి వంగి దాని త్రాడు లోలోపల అలసియుండును. దాని బ్రేకు వ్రేలాడు బరువును పట్టియుంచుటకు ఉద్దేశింపబడినది కాదు. దింపునప్పుడు కాగు నదియు అదే బ్రేకు. తయారుచేసినవారే మనుషులను ఎత్తుటకు వాడరాదని యంత్రముమీద వ్రాయుదురు. ఆ వ్రాత ఇంగ్లీషులో నుండుటచేత మన ఊళ్ళకు చేరదు. సరుకు ఎత్తు త్రాటికి మోయు బరువుకు అయిదు రెట్లు బలముండవలెననియు, మనుషులను మోయు త్రాటికి పది రెట్లనియు ఇంజనీర్ల వాడుక. బావిపనికి పెద్ద గిలక గల క్రేను, దానికే వేరుగా ఉంచిన క్రొత్తత్రాడు, మనిషి నడుముకు భుజములకు పట్టీ కట్టి గట్టున వేరొక గుంజకు బిగించిన రెండవ త్రాడు, ఇవి కావలెను. పూడికబక్కెట్టులోనే మనిషిని దింపుట ఎంతటి పాత వాడుక యైనను మానవలసినదే.

మరియు పాతత్రాళ్ళ వ్యాపారమొకటి ఉన్నది. ఱాతిక్వారీలలో, పెద్ద క్రేనులలో కాలము తీరి తీసివేసిన త్రాళ్ళను నూనె రాచి, తళతళలాడించి, కిలోల లెక్కన అమ్ముదురు. అట్టి త్రాడు పైకి చక్కగా నుండి లోపలి తీగలు తెగియుండును. చౌక యని కొని వించ్‌కు చుట్టువారున్నారు, బావికి కట్టువారును ఉన్నారు. క్రొత్తత్రాడు తెచ్చిననాడు మేము చేయు మొదటి పని, దానిని చిన్న ఏటవాలుమీద బండి బరువుతోనే లాగించి డ్రమ్ముపై బిగుతుగా, చుట్టు ప్రక్క చుట్టు పడునట్లు చుట్టించుట. రెండవ పని, దించిన పాతత్రాటిని ఉలి పెట్టి మూరెడేసి ముక్కలుగా నరికించుట. పందిరిగుంజలకు కట్టుకొనుటకు ఆ ముక్కలు చాలును. నిడుపుగా ఉంచినచో, పొరుగువారెవరో వచ్చి, 'సామీ, మా బావికాడికి ఆ త్రాడు రెండు దినాలకు ఇస్తారా' అని అడుగుదురు. లేదనుటకు మనకు నోరు రాదు.